కరెంటు పెట్టించుకున్నాక నా పళ్లు

నాలుక క్యాన్సర్‌కు రేడియేషన్ అయిపోయి తొమ్మిది నెలలైంది. మా దగ్గర దాన్ని కరెంటు పెట్టడం అంటారు. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. చర్చిలో నా పేరు చెప్పి స్తోత్రం చెల్లించారు. ఆ వారంలోనే ఒక పొద్దున, పాలలో నానిన బ్రెడ్డు తింటుంటే నోట్లో గట్టిగా ఏదో తగిలింది. తీసి చూస్తే నా ముందు పన్ను. చిగుళ్ల దగ్గర పుల్లలా విరిగింది. నొప్పి లేదు, రక్తం లేదు. అందుకే ఎక్కువ భయమేసింది.

నేను అప్పుడు ఎయిర్‌పోర్టులో టీ కౌంటర్ దగ్గర పనిచేసేదాన్ని. ఆటో నడిపే మా ఆయన డేవిడ్ ఆ రోజే నన్ను శంషాబాద్‌లో పళ్ల డాక్టరమ్మకు చూపించాడు. ప్రతి పన్ను మొదట్లోనూ గోధుమరంగు గీత ఉంది. రేడియేషన్‌తో ఉమ్మి ఎండిపోయిందనీ, ఉమ్మి తడపని పళ్లు ఇలాగే చుట్టూ పుచ్చిపోతాయనీ ఆమె చెప్పింది. అన్నీ పీకేసి కట్టుడు పళ్ల సెట్టు పెట్టమన్నాను.

"పీకుడు మంచిది గాదక్కా. కరెంటు తగిలిన దవడ ఎముక మానకపోవచ్చు. కుళ్లితే అది ఇంకా కష్టం."

"మరి ఇవి ఆగుతయా మేడం?"

"ఆపుతమని చెప్పలేను. జర ఆలస్యం చేస్తం."

ఎక్స్-రే చూసి పద్నాలుగు పళ్లు నిలబెట్టొచ్చంది. పుచ్చు గీకి, గ్లాస్ అయోనోమర్ అనే సిమెంటుతో పూడ్చడం మొదలుపెట్టింది. అది పంటికే అతుక్కుంటుందట. లోపలి నుంచి కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతూ అంచులను కాపాడుతుందట. మెరిసే తెల్ల ఫిల్లింగ్ చూడ్డానికి బాగుంటుంది కానీ, నాలాంటి ఎండిన నోట్లో దాని పక్కనే మళ్లీ పుచ్చు రావచ్చంది. రేడియేషన్ తర్వాత నా నోరు రెండు వేళ్లకు మించి తెరుచుకోదు. అందుకే కొంచెం కొంచెంగా చేయించుకుంటూ తొమ్మిదిసార్లు తిరిగాం.

నాలుగు నెలలకే సిమెంటు అరిగింది. అంతా వృథా అయిందని ఆమె ముందే ఏడ్చాను. ఆమె అద్దం పట్టి చూపించింది. సిమెంటు పోయిన చోట పన్ను గట్టిగానే ఉంది. ఫిల్లింగ్ పెట్టని చోట్లే పుచ్చింది. మళ్లీ పూడ్చింది. అయినా ఆ ఏడాది మూడు విరిగాయి. నా మాట కస్టమర్లకు అర్థం కావడం లేదని సూపర్‌వైజర్ నన్ను లోపల కప్పులు కడిగే పనికి మార్చాడు.

ఒక విషయం దాచను. రేడియేషన్‌కు ముందు పళ్లు బాగుచేయించుకోమని క్యాన్సర్ దవాఖానలో నా ఫైల్‌లో రాశారు. నాకప్పటికే రెండు పళ్లు పుచ్చి ఉన్నాయి. దానికి పది రోజులు పడుతుందన్నారు. ముందు పాణం దక్కాలె, పళ్లదేముంది అన్నాడు డేవిడ్. నేనూ సరేనన్నాను. ఇప్పుడతను నాకోసం అన్నం మెత్తగా పిసికి, తనూ అదే తింటాడు. ఒకసారి ముద్ద చేతిలోనే పెట్టుకుని, "ఆ పది దినాలు ఆగితే అయిపోతుండె" అన్నాడు.

"నేను గూడ వద్దన్న గదా" అన్నాను.

ఇప్పుడు ఎనిమిది మిగిలాయి. రోజూ నా పళ్ల అచ్చుతో చేసిన ట్రేలో ఫ్లోరైడ్ జెల్ వేసి పళ్లకు పెట్టుకుంటాను. మూడు నెలలకోసారి వెళ్తాను, ప్రతిసారీ ఒకటో రెండో పూడుస్తారు. ఎన్నాళ్లుంటాయని అడగడం మానేశాను.

మీకు గానీ మీవాళ్లకు గానీ నోటికో మెడకో రేడియేషన్ రాస్తే, మొదలుపెట్టకముందే పళ్లు చూపించండి. పుచ్చినవి పూడ్పించండి, పీకాల్సినవి అప్పుడే పీకించండి. రోజులు పోతున్నాయని భయపడకండి. డాక్టర్లు ఆ రోజులు కూడా లెక్కలో వేసుకునే రాస్తారు.