అక్క ఎత్తిన ఇనుము

ఇన్నేళ్లలో నా మాట చివరిదాకా విన్నవాడు ఒక్కడూ లేడు. గని కార్మికుల క్లబ్బు సెక్రటరీకి చెబితే గడియారం చూసుకున్నాడు. డాక్టరు తలే ఎత్తలేదు. యూనియన్ ఆఫీసులో కూర్చోబెట్టి, చాయ్ తాగించి పంపించారు. ఆ చాయ్ కూడా చల్లారినదే. అందుకే రాస్తున్నాను.

ఇది మా అక్క సంగతి. బావ గనిలో చనిపోయాక ఆయన ఉద్యోగం అక్కకు ఇచ్చారు. గనిపైన ఆఫీసు ఊడ్చి, కుండల్లో నీళ్లు నింపడం ఆమె పని. యాభై దాటాక తొడల్లో సత్తువ తగ్గింది. ఒక ఏడు బతుకమ్మ పేర్చడానికి అందరితో పాటు కింద కూర్చుంది. అందరూ ఆటకు లేచారు, తను లేవలేకపోయింది. ఇద్దరు చంకల కింద చేతులు వేసి లేపారు. వెనక ఎవరో నవ్వారు. నవ్వింది ఎవరో నాకు తెలుసు. ఇప్పటికీ ఆ ఇంటి ముందు నుంచి పోను.

"తమ్మీ, నాకు ఇంకేం ఒద్దు. కింద కూసుంటె నా అంతట నేను లేవాలె. గంతే," అంది అక్క.

నేను గనిలో తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గు నింపినవాణ్ణి. డ్యూటీ అయ్యాక క్లబ్బు వెనక గదిలో చాలా ఏళ్లు ఇనుము ఎత్తినవాణ్ణి. సత్తువ వాడితే వస్తుందని నా ఒంటికి తెలుసు. ఫస్టు షిఫ్టు వాళ్లు తిని పడుకునే వేళ, సెకండు షిఫ్టు వాళ్లు గనిలో ఉండే వేళ ఆ గదిలో ఎవరూ ఉండరు. అక్కను అప్పుడు తీసుకుపోయాను. మొదట ఎత్తు బల్ల మీద కూర్చుని లేవడం, తర్వాత పొట్టి పీట, ఆ తర్వాత ఇనుప బిళ్లను రొమ్ముకు హత్తుకుని లేవడం. కొంగు నడుముకు చుట్టి, పళ్లు బిగబట్టి చేసేది.

గదిలో కుర్రాళ్లు క్రియాటిన్ అనే తెల్లపొడి నీళ్లలో కలుపుకుని తాగేవాళ్లు. బరువులు ఎత్తే పెద్ద వయసు ఆడవాళ్లకూ అది పనికొస్తుందని విని ఒక డబ్బా తెప్పించాను. కానీ అక్కకు బీపీ మందులున్నాయి. అడగకుండా తాగించడం నాకు ఇష్టం లేదు. డబ్బా పట్టుకుని, అక్కను వెంటబెట్టుకుని దవాఖానకు పోయాను.

డాక్టరు డబ్బా చూడలేదు, అక్క కాళ్లూ చూడలేదు. "అన్‌ఫిట్ కోసమేనా?" అన్నాడు. పని చేయలేరని మెడికల్ బోర్డు రాసిస్తే ఉద్యోగం కొడుక్కి వస్తుంది. మా దగ్గర మోకాళ్ల నొప్పి అంటే అదే అర్థం.

"కాద్సార్, ఫిట్ కోసం," అన్నాను.

"ఈ వయసులో ఫిట్ అయి ఏం చేస్తుందయ్యా?"

"కింద కూసుంటె లేస్త సార్," అంది అక్క. వరుసలో ఉన్నవాళ్లు నవ్వారు.

"ఈ పొడి ఈమె తాగొచ్చునా సార్?"

"అది పహిల్వాన్లకు. తర్వాత ఎవరు?"

తాగొచ్చు అనలేదు, వద్దు అనలేదు. ఆ డబ్బా మూత తీయకుండానే మా అలమారలో ఉండిపోయింది.

పొడి లేకుండానే అక్క సాధించింది. ఎండలు ముదిరే నాటికి ఒకరోజు గదిలో నేల మీద కూర్చుని, చెయ్యి ఆనించకుండా లేచింది. "అగో, మల్ల చూడు," అని మళ్లీ కూర్చుని మళ్లీ లేచింది. బావ పోయాక అంత గట్టిగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

వాడకట్టులో గుసగుసలు మొదలయ్యాయి. "అక్కా, గిట్ల ఇనుము లేపితె నిన్ను అన్‌ఫిట్ ఎట్ల చేస్తరు? కొడుకు నౌకరి ఫికర్ లేదా?" అందో కొత్తగా దిగిన పక్కింటామె.

"పిల్లలుంటె గద చెల్లె! ఎవలకియ్యాలె నౌకరి?" అంది అక్క.

తర్వాతి వారం గదికి తాళం పడింది. సెక్రటరీ నన్ను పక్కకు పిలిచాడు. "అన్నా, ఏమనుకోకు. బోర్డుకు పొయ్యేటోళ్లు లొల్లి జేస్తున్నరు. 'గామె ఈ వయసుల ఇనుము లేపుతాంది, నీకేం రోగం?' అని డాక్టర్లు అడిగితె ఏం జెప్పాలె అంటున్నరు."

కొడుకు బతుకు కోసం కుంటుతూ నడిచేవాళ్ల బాధ నాకు తెలుసు. వాళ్ల కోసం మా అక్క కాళ్లు ఎందుకు పడిపోవాలి?

తెలంగాణ వచ్చిన రోజు క్లబ్బు ముందు దీపాలు పెట్టారు. మన హక్కులు మన చేతికొచ్చాయని సెక్రటరీ మైకులో అరిచాడు. కింద మొదటి వరుసలోంచి అక్క అడిగింది: "మరి గా తాళంచెయ్యి ఎవల చేతికచ్చింది సెక్రటరీ సాబ్?" జనం నవ్వారు. ఆయనా నవ్వి, లడ్డూలు పంచడానికి పోయాడు.

ఆ తాళం ఇప్పటికీ తీయలేదు. సత్తువ మళ్లీ తగ్గి, ఇప్పుడు అక్క మంచంకోడు పట్టుకుని లేస్తోంది. నన్ను చెయ్యి ఇవ్వనివ్వదు.

సెక్రటరీ గారూ, మీ ఇల్లు మా వాడలోనే ఉంది. గది తీస్తారా, తీయరా? తీయకపోతే ఎందుకో నాకు చెప్పొద్దు. మా ఇంటికి రండి. అక్క కింద కూర్చుని ఉంటుంది. మీరూ ఆమె ఎదురుగా కింద కూర్చుని, ఆమెకే జవాబు చెప్పండి.