కొండరైలు కిటికీ

మా ఆఫీసు గేటు ముందుకు మార్చి మొదటి వారంలోనే పచ్చిమామిడి ముక్కల బండి వస్తుంది. కత్తి దిగగానే లేచే ఆ పులుపు వాసన, పైన చల్లే ఉప్పుకారం ఘాటు మెట్ల దాకా వచ్చి తగులుతాయి. నాతో పనిచేసేవాళ్లు కాగితం పొట్లాలు తెచ్చుకుని నా ముందూ ఒకటి పెడతారు. నేను తింటాను కూడా. కానీ మొదటి ముక్క నోట్లో పెట్టుకునే ముందు ప్రతి ఏడూ నాకు ఊటీ కొండరైలు, అందులో కిటికీ పక్కన కూర్చున్న మా స్వప్న జడ, ఆ జడకున్న పసుపు రిబ్బన్ గుర్తొస్తాయి. ఇరవై ఏళ్లు కావస్తున్నా ఆ కిటికీ సంగతి నేను మరిచిపోలేదు. మరిచిపొమ్మని చెప్పినవాళ్లున్నారు. వాళ్లెవరూ ఆ రోజు నా సీట్లో కూర్చోలేదు.

మాది దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉన్న చిన్న ఊరు. నాకు మూడేళ్లప్పుడు మా నాన్న జ్వరమొచ్చి పోయాడు. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. ఇంట్లో అమ్మ, నాయనమ్మ, నేను. నాన్నకు ఒక్కడే తమ్ముడు. ఆ చిన్నాయన కల్లూరులో గుమస్తా ఉద్యోగం చేసేవాడు. ఆయన కూతురే స్వప్న, నాకంటే ఏడాది చిన్నది.

ఎండాకాలం వస్తే మాకు తెల్లారకముందే పని మొదలయ్యేది. చెట్ల కింద తడితడిగా, తియ్యటి మత్తు వాసనతో పరుచుకున్న ఇప్పపూలు ఏరి, గంపలు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి చాపల మీద ఆరబోసి, గంజి తాగి, మళ్లీ బీడీలు చుట్టే తునికాకు కోతకు పోయేవాళ్లం. మధ్యాహ్నం నాయనమ్మ చుట్ట వెలిగించి అరుగు మీద చేరగిలబడితే, మేం పిల్లలం ఆమె చుట్టూ చేరి గచ్చకాయలు ఆడుకునేవాళ్లం. స్వప్న సెలవులకు వచ్చిందంటే మాత్రం అన్నీ తలకిందులయ్యేవి. మంచం ఆమెది, మొదటి తాటిముంజ ఆమెది, నేను ఏడాదంతా ఏరి దాచుకున్న నున్నటి గచ్చకాయలు కూడా ఆమెవే. ఎందుకంటే నాయనమ్మ లెక్కలో ఆమె చుట్టం. ఏటా నెల రోజులు ఉండే చుట్టం.

ఏడో తరగతిలో నేను హాస్టల్ మొత్తానికీ ఫస్టొచ్చాను. ఆ మాట విని చిన్నాయన ఊరికొచ్చి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "ఈ ఎండకాలం ఊటీ పోదాం బిడ్డా. కొండెక్కే రైలుంటదంట. అండ్ల కిటికీ సీటు నీదే" అన్నాడు. స్వప్న అక్కడే ఉంది. విన్నది. నేను అప్పటికి రైలే ఎక్కలేదు. నాకు ఊటీ ఏమిటో, చలి ఎంతుంటుందో అక్కర్లేదు. ఆ కిటికీ కావాలి. పుట్టాక నాది అని నలుగురి ముందు చెప్పి నాకిచ్చిన మొదటి వస్తువు అది.

ఆ ఏడు మా ఊళ్లో పూజారి ఇంట మైల రావడంతో మామిడి కొత్తల పండుగ వెనక్కి పోయింది. పూజారి తొలికాయలు తీసుకుపోయి, ఊరి దేవతకు కోడిని కోసి, ఆ కాయలు ఆమె ముందు పెట్టాకే ఊరు మామిడి రుచి చూడాలి. అప్పటిదాకా కింద రాలిన పిందెనైనా నోట పెట్టకూడదు. పెడితే వానలు తప్పుతాయని, అడవికి పోయినవాళ్లను పాము ముడుతుందని పెద్దలు చెప్పేవాళ్లు. నేను ఆ పండుగ కాకుండానే చిన్నాయన, చిన్నమ్మ, స్వప్నలతో ఖమ్మంలో రైలెక్కాను.

రెండు రాత్రులు రైళ్లు మారి, మూడో రోజు పొద్దున కొండ అడుగున దిగితే, ఆడుకునే వస్తువులా చిన్నగా, నీలంగా నిలబడి ఉంది ఆ బండి. ఇంజను ముందు కాదు, వెనక ఉంది. పెట్టెల్ని కొండ మీదికి తోస్తుంది. పట్టాల నడుమ పళ్లున్న ఇంకో పట్టా ఉందని, ఆ పళ్లను పట్టుకునే బండి జారిపోకుండా ఎక్కుతుందని చిన్నాయన వంగి చూపించాడు. ఆయన చూపించేది చూసి నేను లేచేసరికి స్వప్న లోయ వైపు కిటికీ పక్కన కూర్చుని ఉంది.

"గది నా సీటు" అన్నాను.

"నాకు వాంతయితదక్కా. గాలి తగలాలె."

ఎదురు కిటికీ దగ్గర చిన్నమ్మ నిమ్మకాయ ముక్కుకు ఆనించుకుని కళ్లు మూసుకుంది. చిన్నాయన నా భుజం మీద చెయ్యి వేసి, "జర సర్దుకో బిడ్డా. నా పక్కన కూసో. నీతోని ముచ్చట్లున్నయ్" అన్నాడు.

బండి మనిషి నడిచినంత నెమ్మదిగా, మూలుగుతూ, ఆవిరి కక్కుతూ ఎక్కింది. చిన్నాయన నా చెవి దగ్గర మాట్లాడుతూనే ఉన్నాడు. నేను "అవ్, అవ్" అంటూ ఆ పసుపు రిబ్బన్ వైపే చూస్తున్నాను. ఆమె చెవికీ కిటికీ ఊచకూ మధ్య జానెడు సందులోంచి కొంత ఆకుపచ్చ, కొంత ఆకాశం, ఒకసారి వంతెన అంచు కనిపించాయి. "అగో అక్కా, జలపాతం" అనేది. నేను వంగేసరికి రాయి గోడ. సొరంగం వస్తే పెట్టెలో అందరూ కేకలు పెట్టారు. నేను పెట్టలేదు. దారి పొడుగునా ఆమెకు ఒక్క వాంతి కాలేదు, ఒక్క తేపు కూడా రాలేదు.

ఇంజను నీళ్లు పట్టుకోవడానికి ఆగిన చోట ఒకామె మామిడి ముక్కలు అమ్మకానికి తెచ్చింది. చిన్నాయన కొని నా చేతిలో పెడితే వెనక్కిచ్చాను.

"ఏందే, తినవా?"

"ఇంక కొత్తలు కాలే గద."

ఆయన నా ముఖంలోకి కాసేపు చూసి, నోటి దాకా తీసుకుపోయిన తన ముక్కను కూడా పొట్లంలో పెట్టేశాడు. స్వప్న నా వాటా, వాళ్ల నాన్న వాటా కలిపి తిన్నది.

మర్నాడు ఇంకా పైనున్న సరస్సుకు జీపులో పోయాం. చుట్టూ నున్నటి గడ్డి కొండలు, నడుమ నల్లటి నీళ్లు, నీళ్ల మీద మంచు పొగ. ఒక్క తునికి లేదు, ఇప్ప లేదు, టేకు లేదు. పేర్లు తెలియని చెట్ల మధ్య మొదటిసారి నేను ఊరుకాని ఊళ్లో ఉన్నట్టనిపించింది. స్వప్న పాత స్వెటర్ తొడుక్కుని, చెప్పులు చేతిలో పట్టుకుని, చల్లటి బురదలో అందరికంటే ముందు నడిచాను. సగం చుట్టు తిరిగేసరికి స్వప్న కొత్త బూట్లు కరిచి మడమలు బొబ్బలెక్కాయి. పెద్దవాళ్లు వెనకబడ్డారు. ఆమె గట్టు మీద కూలబడి ఏడుపు మొదలుపెట్టింది.

"ఎత్తుకో అక్కా. దిగేటప్పుడు కిటికీ నీకే ఇస్త."

"ఒట్టా?"

"ఒట్టు."

ఇప్పపూల గంప మోసిన వీపు మీద ఆమెను మోశాను. వాగులు చేరే చోట మోకాళ్ల లోతు నీళ్లు, ఎముకలు కొరికే చలి. ఆమె నా మెడ చుట్టూ చేతులు వేసుకుని దర్జాగా కొండలు చూసింది. నేను నా కాళ్లు చూసుకుంటూ నడిచాను. జీపు దగ్గర దించితే చిన్నమ్మ, "దాని స్వెటరంత బురద చేసినవ్" అన్నది. ఆ మాట కూడా నాకు గుర్తుంది.

తిరుగు ప్రయాణంలో మేం బస్సులో దిగాం. చిన్నాయన కొండరైలుకు పోయేటప్పటి టికెట్లే తీసుకున్నాడు. ఆ సంగతి స్వప్నకు ఇంటి దగ్గరే తెలుసు.

ఇక నాకు మిగిలింది ఒక్కటే. ఊరు చేరగానే నాయనమ్మ ముందు నిలబడి, స్వప్న కొత్తలు కాకముందే మామిడి తిన్నదని, ఎనిమిది ముక్కలు తిన్నదని చెప్పాను. నాయనమ్మ చుట్ట తీసి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"పిచ్చిదానా, గది మన ఊరి కాయనా? మన దేవత పొలిమేర దాటినంక యాడి కాయ ఆడిదే. నువ్వు తినకుంట వచ్చినవా?"

స్వప్న కూడా నవ్వింది.

పోయినేడాది చిన్నాయన చనిపోయాడు. పెద్దకర్మ రోజు పొద్దున కల్లూరులో వాళ్ల పెరట్లో స్వప్న, నేను మోదుగాకులతో విస్తర్లు కుడుతున్నాం.

"అక్కా, ఊటీ రైల్ల నాన్న చెప్పిన ముచ్చట్లు నీకు యాదికున్నయా?" అన్నది.

"ఏం ముచ్చట్లు?"

"గదేందే? పొద్దంత పెద్దనాయన ముచ్చట్లే గద చెప్పిండు. నేను కిటికీ దిక్కు తిరిగి మొత్తం విన్న. నన్నయితే ఒక్కనాడు గట్ల పక్కన కూసోబెట్టుకోలే. నీ మీద ఎంత మండెనో."

నాకు ఒక్క మాట కూడా గుర్తు లేదు. అప్పుడు ఆమె ఒకటి చెప్పింది. మా నాన్న తన పదిహేనేళ్లప్పుడు, రైలు చూపిస్తానని చిన్నాయనను వెంటబెట్టుకుని కొత్తగూడెం దాకా నడిచాడట; అలసిపోయిన చోట భుజాన ఎక్కించుకున్నాడట. తీరా ఇంజను అరుచుకుంటూ వచ్చేసరికి తమ్ముడు జడుసుకుంటాడని రెండు చేతులతో వాడి కళ్లు మూసేశాడట. రైలు పోయింది. తాను చూడనే లేదని తమ్ముడు ఒకటే ఏడుపు. మర్నాడు మళ్లీ రైలొచ్చేదాకా ఇద్దరూ అక్కడే పడుకుని, చూసి, అప్పుడు ఇంటికొచ్చారట.

"ఇంక శానా ఉన్నయ్" అంటుండగా వంటవాళ్లు పిలిస్తే లేచి పోయింది. మళ్లీ మాకు తీరిక దొరకలేదు.

నాయనమ్మ ఎప్పుడో పోయింది. మా ఊరి తోటల్లో కాయను పండుగ కాకముందే బేరగాళ్లు దింపుకుపోతున్నారు, అడిగేవాళ్లు లేరు. మా అమ్మ నాన్నతో కాపురం చేసింది అయిదేళ్లే. ఆయన చిన్నతనం ఆమెకు తెలియదు. తెలిసినవాళ్లలో చిన్నాయనే చివరివాడు. నా పక్కన కూర్చుని, నా కోసం, నా చెవిలో చెప్పిన మా నాన్న ఇప్పుడు స్వప్న దగ్గర ఉన్నాడు. ఆమె తలుచుకున్నప్పుడు తలుచుకుంటుంది, వాళ్ల పిల్లలకు చెబుతుంది, కొన్ని మరిచిపోతుంది కూడా. కల్లూరు బస్సులు మా ఆఫీసు ముందు నుంచే పోతాయి. నేను పోలేదు. ఆ ముచ్చట్లు నావి కాబట్టి ఆమే వచ్చి చెప్పాలని కూర్చున్నాను.