అయిదో శుక్రవారం జీతం

ఒడెట్ థిబోడోకి లెక్కలు రావని ఎవరైనా అంటే ఆమె ఊరుకునేది కాదు. మంచు కురిసే లూయిస్టన్ ఊళ్ళో ఇరవై రెండేళ్ళు బడి బస్సు నడిపి, ఏ పిల్లాడు ఏ మలుపులో దిగాలో చీటీ చూడకుండా చెప్పిన మనిషి మరి. కానీ జీతాల లెక్క మాత్రం ఆమె ఎన్నడూ చూడలేదు. అదంతా భర్త అర్మాన్ పని. చెప్పుల ఫ్యాక్టరీలో తనకు, బడిలో ఆమెకు, ఇద్దరికీ శుక్రవారం శుక్రవారం చెక్కు వచ్చేది. రెండూ ఆయన చేతిలోకే వెళ్ళేవి.

ఆ లెక్క మీద వాళ్ళింట్లో ఒక పాత గొడవ ఉంది. అయిదు శుక్రవారాలు పడ్డ నెలలో అర్మాన్ అయిదో చెక్కు ఇంటికి వచ్చేది కాదు. "మళ్ళీ తాగి తగలేశావా?" అని ఆమె మండిపడేది. "అయిపోయిందే, ఏం చెయ్యమంటావు?" అని ఆయన నవ్వేవాడు. ముప్పై ఏళ్ళు ఇదే వరస. ఒళ్ళు మండదూ?

నాలుగేళ్ళ కిందట ఆయన పోయాడు. తరువాతి చలికాలానికే ఒడెట్‌కి తెలిసొచ్చింది. చలికాలమంతా ఇల్లు వెచ్చగా ఉండాలంటే నేలమాళిగలోని చమురు ట్యాంకు నిండాలి; అది నింపడం తన వల్ల అయ్యే పని కాదు. ఇంటి ఖర్చులు పోగా చమురుకి సెంటు మిగిలేది కాదు. దాంతో శని, ఆదివారాలు తెల్లవారుజామున అయిదింటికే రెజిస్ అనే ఆయన హోటల్లో చేరి, గుడ్లూ ఉడికిన చిక్కుడు గింజలూ వడ్డించసాగింది. మోకాళ్ళు అరిగిపోయాయి. అంతకంటే ఎక్కువగా, ఆదివారం చర్చిలో పాడడం పోయింది. పెళ్ళికి ముందు నుంచీ ఆ పాటల బృందంలో రెండో వరసలో ఆమె నిలబడే చోటు ఒకటుండేది.

ఈ ఫిబ్రవరిలో బడివాళ్ళు ఆమెను బస్సుల పెద్దను చేశారు. ఇక కుర్చీలో కూర్చుని రేడియోలో డ్రైవర్లకు దారులు చెప్పడమే పని. ఏడాదికి నలభై ఒక్క వేల ఆరు వందల డాలర్లు, రెండు వారాలకో చెక్కు. హోటల్ చీటీ వెనక ఆమె పెన్ను పెట్టింది. నెలకు రెండు చెక్కులు, ఏడాదికి ఇరవై నాలుగు, ఒక్కోటీ పదిహేడు వందల ముప్పై మూడు. చమురు ఖర్చు వెళ్ళిపోతుంది! అక్కడికక్కడే రెజిస్‌కి చెప్పేసింది, మార్చి దాటాక రానని. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మార్చిలో మొదటి చెక్కు వచ్చింది. పన్నులు కోస్తారని ఆమెకు తెలుసు. కానీ పన్నులు కోయకముందు అంకె, చీటీలో పైవరసది, అదే పదహారు వందలుంది. నూట ముప్పై మూడు డాలర్లు గోవిందా! ఒడెట్ మంచు బూట్లతోనే జీతాల గదిలోకి దూసుకెళ్ళింది. అక్కడ కూర్చునే మ్యురియల్ ఆమెకు చిన్ననాటి స్నేహితురాలు.

"మ్యురియల్, మీవాళ్ళు నాకు పంగనామాలు పెట్టారే!"

"ముందు ఆ బూట్లు తుడుచుకో. నేలంతా బురద చేశావు."

"నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. భాగించి చూడు మరి!"

మ్యురియల్ గోడ మీది క్యాలెండర్ తీసి ఆమె ముందు పడేసింది. "ఏడాదికి వారాలెన్ని?"

"యాభై రెండు. అదీ తెలీదనుకున్నావా?"

"రెండేసి వారాలకొకటి చొప్పున చెక్కులెన్ని?"

ఒడెట్ క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెట్టింది. "ఇరవై ఆరు."

"దాంతో భాగించు."

భాగించింది. సరిగ్గా పదహారు వందలు.

"పది నెలల్లో రెండేసి వస్తాయి," అంది మ్యురియల్. "మేలో, అక్టోబర్లో మూడేసి. నీ సొమ్ము ఎవరూ తినలేదు తల్లీ."

ఒడెట్ కుర్చీలో కూలబడింది. పన్నులు పోగా రెండు చెక్కులు ఇంటి ఖర్చుకే సరిపోతాయి. మళ్ళీ చమురు దగ్గరికే వచ్చింది కథ. "అయితే రెజిస్ కాళ్ళు పట్టుకోవాలన్నమాట," అంది నీరసంగా.

"ఎందుకే? నెలకు రెండే వస్తాయనుకుని బతుకు. ఆ మూడో చెక్కుల్ని ముట్టుకోకు. రెండూ కలిపితే చలికాలం చమురు వచ్చేస్తుంది. మీ అర్మాన్ అయిదో శుక్రవారం చేసినట్టే చెయ్యి."

"ఏం చేశాడు? తాగాడు."

మ్యురియల్ ఆమె వంక వింతగా చూసింది. "తాగడమేంటే? మా ఆయన లూసియెన్ చమురు బండి నడిపేవాడు కదా. అయిదో శుక్రవారం మీ ఆయన ఫ్యాక్టరీ నుంచి తిన్నగా వచ్చి, చెక్కు వెనక సంతకం పెట్టి, చలికాలం చమురుకని లూసియెన్ చేతిలో పెట్టేవాడు. ఏడాదికి నాలుగుసార్లు. నీకు తెలీదా?"

ముప్పై చలికాలాలు ట్యాంకు నిండుగా ఉంటే, అది ఎలా నిండుతోందని ఒడెట్ ఒక్కసారైనా అడగలేదు. తిట్టడం మాత్రం మానలేదు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఆ డబ్బుతో కొత్త వంటపొయ్యి కొనేస్తావన్నాడట."

"కొనేదాన్నే," అంది ఒడెట్. అని, అక్కడే, జీతాల గదిలోనే, బావురుమంది. మ్యురియల్ లేచి తలుపు వేసింది.

మార్చి ఆఖరి ఆదివారం ఆమె ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది. "మళ్ళీ వస్తావులే," అన్నాడు రెజిస్. "వస్తా, గుడ్లు తినడానికి," అందామె. తరువాతి ఆదివారం చర్చిలో రెండో వరసలో నిలబడింది. గొంతు కాస్త బొంగురుపోయింది కానీ పాట మరిచిపోలేదు.

మే ఇరవై తొమ్మిది శుక్రవారం మూడో చెక్కు వచ్చింది. ఒడెట్ ఇంటికి పోకుండా తిన్నగా చమురు దుకాణానికి వెళ్ళి, వెనక సంతకం పెట్టి ఇచ్చింది. బయట ఎండ కాస్తోంది. గుమాస్తా చెక్కు వైపు, ఆమె వైపు మార్చి మార్చి చూశాడు.

"మే నెలలో చమురెవరు కొంటారమ్మా?"

"మా ఆయన," అంది ఒడెట్.