మల్లక్క వేయని వేలిముద్ర

శవాలను చూసి కట్టయ్య ఏనాడూ మొహం తిప్పుకోలేదు. వరంగల్‌లో ఒక దవాఖాన శవాల గదిలో పనిచేసేవాడు. కుళ్లిన దేహాలను కడిగేవాడు, కోసినవాటిని కుట్టేవాడు, ఇంటికి పోయి స్నానం చేసి కడుపునిండా తినేవాడు. ఆయనకు అన్నం సహించకుండా చేసింది బతికున్న మనుషులే.

1982 ఎండాకాలంలో మడికొండ దగ్గర పాడుబావిలో ఒక పుర్రె, కొన్ని ఎముకలు, చీర పేలిక దొరికాయి. బీడీల కార్ఖానాకు పోయి తిరిగిరాని పద్మవేనని పోలీసులు తేల్చేసి, ఆమె తల్లి మల్లక్కను శవాల గదికి పిలిపించారు. మల్లక్క మగ్గం నేసే మనిషి.

ఎస్సై ఎముకలు పరిచిన బల్ల మీదే పొట్లం విప్పి మిర్చి బజ్జీలు తింటున్నాడు.

"ఏలుముద్ర ఎయ్యవ్వా. కేసు బంద్ అయితది."

మల్లక్క పేలికను వేళ్ల మధ్య నలిపి చూసింది. "గిసొంటి చీరలు మా వాడల ఇంటింటికీ ఉన్నయ్ సారూ. గీ బొక్కలు నా బిడ్డయేనని ఎట్ల జెప్పాలె?"

"ఎవరియైతేంది? తీస్కపోయి కాలవెట్టుకో." ఎస్సై నూనె చేతిని ఆ పేలికకే తుడుచుకున్నాడు.

కట్టయ్య ఆ పేలికను ఎస్సై చేతిలోంచి తీసుకున్నాడు. "ఎయ్యకు అక్కా," అన్నాడు. "హైద్రాబాద్‌ల పరీక్ష చేస్తరు. పంపియ్యుమను."

ఆమె వేయలేదు. పద్నాలుగు నెలలకు జవాబొచ్చింది: స్త్రీ, వయసు ఇరవై పైన, ఎవరో చెప్పలేము. ఎముకల మూట తిరిగొచ్చి దవాఖాన స్టోరుకు చేరింది. మల్లక్క ఏటా వచ్చి "ఏమన్న తెల్సిందా తమ్మీ?" అని అడిగి పోయేది.

1989లో శవపరీక్షలు చేసే డాక్టర్ సారంగపాణి ఏదో పత్రికలో చదివి కట్టయ్యను పిలిచాడు. "తల్లి నుంచే పిల్లలకొచ్చే గుర్తొకటి ఉంటదట. పాత బొక్కలల్ల గూడ దొరుకుతదట, మల్లక్క నెత్తురుతోటి సరిజూడొచ్చు. ఆ పరీక్ష మన దగ్గర ఇంక రాలే గని, వస్తది. ఆ మూట భద్రం."

కట్టయ్య స్టోరుకు పరుగెత్తాడు. గదికి కొత్తగా సున్నం వేసి ఉంది.

"పెద్దాఫీసర్ వస్తుండని సాఫ్ జేసినం," అన్నాడు గుమాస్తా పాన్ నములుతూ. "కంపు గొడ్తాన్నయ్, చెత్తబండ్ల ఏసినం."

ఏడేళ్లు ఎండిన ఎముకలు కంపు కొట్టవు. కట్టయ్య రెండు రోజులు చెత్తకుప్పలో కర్రతో కెలికాడు. చీము గుడ్డలు, సూదులు, మేక ఎముకలు. వాటిలో మనిషివి ఉన్నా ఎవరివని చెప్పగలడు?

మల్లక్క ఇంటికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆమె మగ్గం ఆపింది.

"ఆనాడు ఏలుముద్ర ఏసుంటే, ఎవరి బిడ్డనో ఒక బిడ్డను కాలవెట్టుకుందు గద తమ్మీ."

ఆ తర్వాత వచ్చిన ఏ ఎముకల మూటనూ కట్టయ్య స్టోరుకు పంపలేదు. తేదీ, ఊరు రాయించి శవాల గది గోడకే వేలాడదీశాడు. గుమాస్తా ఎన్నిసార్లు అరిచినా దించలేదు.