మా వదినని కొండలు చంపలేదు

మా వదిన పోయింది. కార్తీకం మొదట్లో ఒక ఉదయం, ప్రత్తిపాడులో తన ఇంటి పెరట్లో బట్టలు ఆరేస్తూ అలాగే కూలబడిపోయిందట. మేనల్లుడు ఫోన్ చేసి "అత్తా, అమ్మ..." అని ఆగిపోయాడు. ఆ తర్వాత వాడేం చెప్పాడో నాకు గుర్తు లేదు. గుంటూరు నుంచి నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. మెదడులో రక్తనాళం చిట్లిందనీ, ఇంట్లో కదలకుండా కూర్చున్నా అది రావలసిందేననీ డాక్టరుగారు అప్పటికే చెప్పి వెళ్ళారు.

అయినా సరే, ఆవిడని ఇంకా ఇంట్లోంచి తీసుకెళ్ళకముందే, అరుగు మీద కూర్చున్న దూరపు బంధువు ఒకాయన అందరికీ వినబడేలా అన్నాడు. "అరవై దాటాక కృష్ణా రామా అనుకుంటా ఇంటిపట్టున ఉండాలి గానీ, ఊళ్ళో ముసలోళ్ళందర్నీ పోగేసుకుని కొండలెక్కితే ఇట్టాగే అవుద్ది. ఆ కొండలే చంపాయి ఈవిడ్ని."

నలుగురు తలలూపారు. ఆ తలలు ఊగడం చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మా వదిన నర్సుగా పనిచేసింది. గుంటూరులో ఒక ఆసుపత్రిలో చేరి, అక్కడే హెడ్ నర్సుగా రిటైరైంది. గట్టి గొంతు. వార్డు ఈ చివర మాట్లాడితే ఆ చివర వినబడేదని తనే గొప్పగా చెప్పుకునేది. రిటైరయ్యాక అన్నయ్యతో కలిసి ప్రత్తిపాడు వచ్చేసింది. మిరప, పత్తి చేలు కౌలుకిచ్చి హాయిగా ఉందామనుకున్నారు. అన్నయ్యకి మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాయి. నొప్పి అని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడు కాబట్టి కాళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. బిగుసుకున్నాయి కాబట్టి ఇంకా కూర్చున్నాడు. కుర్చీలోంచి మంచానికి, మంచంలోంచి కాటికి. వదిన ఎంత పోరినా వినలేదు. "నర్సువి నర్సులా ఉండు, డ్రిల్లు మాస్టారివి కాబోకు" అనేవాడు.

ఆయన సంవత్సరీకం అయిపోయిన మర్నాడు వంటింట్లో కాఫీ కలుపుతూ నన్ను అడిగింది.

"అమ్మాయ్, నువ్వు మెట్లెక్కి ఎన్నాళ్ళయిందే?"

నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా అపార్టుమెంట్లో లిఫ్టుంది. "ఎందుకొదినా ఇప్పుడది?" అన్నాను.

"మంచాన పడ్డవాళ్ళని ఈ చేతులతో తిప్పి తిప్పి వచ్చానే. అటుపక్కకి తిప్పి వీపు తుడిచి, ఇటుపక్కకి తిప్పి పౌడరు వేసి. వాళ్ళలో సగంమంది జబ్బుతో పడలేదు. కూర్చుని కూర్చుని పడ్డారు. మీ అన్నయ్య కూడా అంతే. ఇహ నా కళ్ళముందు ఇంకొకళ్ళని అట్టా కానివ్వను."

అది దుఃఖంతో అన్న మాట కాదు. మా వదిన ఏడ్చినప్పుడు కూడా ఎవరితోనో పోట్లాడుతున్నట్టే ఉండేది.

అలా మొదలైంది. గోడ మీది క్యాలెండరు దించి నేల మీద పరిచింది. వానలు తగ్గాక మొదలుపెట్టాలి, శివరాత్రికి ముందే ఆపెయ్యాలి. ఆ తర్వాత మన ఎండలకి రాళ్ళే పగులుతాయి, పైగా మిరపకాయల కల్లాల దగ్గర కాపలాకి పెద్దవాళ్ళే కావాలి. పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరేట్టు ఉండాలి. ఆదివారాలు మాత్రం వద్దంది.

"అదేంటొదినా, అందరికీ వీలుగా ఉంటుంది కదా?"

"పిల్లలు ఇంట్లో ఉంటారే. వద్దంటారు. బుధవారమైతే అడిగేవాడు ఉండడు."

కొండలు మనకేం తక్కువ లేవు. అద్దంకి దగ్గర సింగరకొండతో మొదలుపెట్టి, మంగళగిరి, కోటప్పకొండ, చివరికి కొండవీడు. చిన్నది ముందు, పెద్దది తర్వాత. ప్రతి కొండకీ ముందుగా తను వెళ్ళి చూసి వచ్చేది, నన్ను వెంటేసుకుని. ఏ మలుపులో నీడ ఉంది, ఎక్కడ కూర్చోవడానికి వీలుంది, బాత్రూము ఎక్కడ, కోతుల గోల ఎక్కడ, మధ్యలో ఎవరికైనా కాళ్ళు సహకరించకపోతే రోడ్డు దగ్గరికి ఎలా చేర్చాలి. కోటప్పకొండ మెట్ల మీద నేను రొప్పుతూ ఆగిపోతే పక్కనే కూర్చుంది.

"మాట్లాడుతూ ఎక్కగలిగినంతసేపే ఎక్కాలి. మాట ఆగిందంటే కాలు ఆగాలి. ఇదొక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. ఇప్పుడు నువ్వు మాట్లాడలేకపోతున్నావు కాబట్టి నేను మాట్లాడతాను, విను" అని తన అత్తగారి మీద, అంటే మా అమ్మ మీద, ఎన్నేళ్ళుగానో దాచుకున్న ఫిర్యాదులన్నీ ఒక్కొక్కటే చెప్పింది. నవ్వలేక చచ్చాను.

అసలు కష్టం కొండలతో రాలేదు, ఇళ్ళతో వచ్చింది. రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు పిలవగానే వచ్చారు. ఆయనకి అడిగేవాళ్ళు లేరు. కానీ మా వదిన మనసు పడ్డది వీధి చివర ఇంటి పిన్నిగారి మీద. మంగళగిరిలో మగ్గం గుంటలో కాళ్ళు దించి చీరలు నేస్తూ సగం జీవితం గడిపిన మనిషి. ఇప్పుడు కొడుకు దగ్గర ఉంటోంది. టీవీ, మంచం, టీవీ. వదిన అడగ్గానే ఆవిడ కళ్ళు మెరిశాయి. కొడుకు అడ్డం వచ్చాడు.

"అమ్మకి ఏమన్నా అయితే ఎవరండీ పూచీ?"

"కొండ మీద ఏమన్నా అయితే పూచీ నాది. ఇంట్లో కూర్చుని కూర్చుని ఏమన్నా అయితే పూచీ ఎవరిది నాయనా? నీదేనా? సరే అయితే, ఆ మాట నలుగురి ముందూ చెప్పు, వెళ్ళిపోతాను."

"డాక్టరుగారు సరేనంటే తీసుకెళ్ళండి" అన్నాడు చివరికి. వదిన మర్నాడే ఆవిడని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఒక్క పిన్నిగారినే కాదు, మొదటి నడకకి ముందు మా అందరినీ అలాగే చూపించింది. బీపీ మాత్రలు వేసుకున్నారా అని, అద్దెకి మాట్లాడిన వ్యాను ఎక్కేముందు గుమ్మం దగ్గరే నిలబెట్టి అడిగేది. అడగడం కాదు, గద్దించడం.

నడిచేటప్పుడు అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళు ముందుండాలి. ఇది ఆవిడ పెట్టిన నియమం. "వాళ్ళని వెనక పెడితే బెంగ పడతారు. ముందు పెడితే రాణుల్లా నడుస్తారు" అనేది. అందుకని మా ఊరేగింపుకి ఎప్పుడూ పిన్నిగారే ముందు. అందరికంటే చివర మా వదిన, నేతచీర కుచ్చెళ్ళు ఎత్తి దోపి, కింద తెల్ల కాన్వాసు బూట్లు, చేతిలో ఉప్పు వేసిన నిమ్మకాయ నీళ్ళ సీసా. ఎవరైనా "ఈ వయసులో" అన్న మాట నోట్లోంచి రానిస్తే పైకి వెళ్ళాక పాట పాడాలి. పోస్టుమాస్టరుగారికి పాడటం ఇష్టం కాబట్టి ఆ మాట రోజుకి పదిసార్లు అనేవారు.

మొదటి సీజను చివర కొండవీడులో దెబ్బ తగిలింది. దిగేటప్పుడు వ్యాను డ్రైవరు కింద నుంచి తొందరపెడుతున్నాడు. మేమూ కాస్త వేగం పెంచాం. పోస్టుమాస్టరుగారి కాలు గులకరాళ్ళ మీద జారింది. చెయ్యి ఆనించి పడ్డారు, మణికట్టు విరిగింది. వదిన అక్కడికక్కడే తన తువ్వాలు, ఎవరిదో గొడుగు కర్ర కలిపి కట్టు కట్టి, ఆయన పక్కనే కూర్చుని ఆసుపత్రిదాకా కబుర్లు చెబుతూనే ఉంది. కానీ ఆవిడ మొహంలో రక్తం లేదు.

మర్నాడు సాయంత్రం ఆవిడ వాకిట్లో అందరి కొడుకులూ, అల్లుళ్ళూ. కేకలు. మా మేనల్లుడు కూడా వాళ్ళ పక్షమే. "అమ్మా, ఇహ చాలించు. నలుగురి చేత మాట పడలేను" అన్నాడు.

వదిన అందరూ అరిచినంతసేపూ విన్నది. తర్వాత లేచి నిలబడింది.

"తప్పు నాదే. దిగేటప్పుడు తొందరపడకూడదని తెలిసీ తొందరపడనిచ్చాను. కొండది తప్పు కాదు. ఇకమీదట ఎక్కడానికి ఎంతసేపు పడితే దిగడానికీ అంతసేపు. డ్రైవరుకి ఆగే ఓపిక లేకపోతే ఇంకో వ్యాను. ఎవరు వచ్చినా రాకపోయినా నేను మాత్రం వెళ్తాను."

"మీరు వెళ్ళండి, మా పెద్దోళ్ళని లాగొద్దు" అన్నారెవరో. అప్పుడు గుమ్మంలోంచి పోస్టుమాస్టరుగారి గొంతు వినబడింది. చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది.

"విరిగింది నా చెయ్యయ్యా. నా చేతి మీద తీర్మానం చెయ్యడానికి మీరెవరు? స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది లేరు! స్నానాలు మానిపించారా ఎవరిచేతైనా?"

నవ్వు ఆపుకోలేక కొందరు అటు తిరిగారు. అయినా మళ్ళీ వానలు తగ్గాక మొదటి నడకకి వచ్చింది నలుగురమే. ఇంట్లో మాట కాదనలేక పిన్నిగారు కూడా రాలేదు. ఆ నలుగురితోనే మా వదిన ముందు ఎలా ప్లాను వేసిందో అలాగే వేసింది, అంతే గట్టిగా మాత్రలు అడిగింది. తగ్గలేదు. రెండు నెలలు గడిచాక పిన్నిగారు తనంతట తనే వచ్చి వ్యాను దగ్గర నిలబడింది. "మావాడికి చెప్పే వచ్చానమ్మా. కోపంగా ఉన్నాడు. సాయంత్రానికి తగ్గుద్దిలే" అంది. తర్వాత మిగిలినవాళ్ళు ఒక్కరొక్కరే తిరిగి వచ్చారు.

ఈ ఏడు మొదటి నడకే కోటప్పకొండ అని వదిన పట్టుబట్టింది. "మనమింకా ఎల్‌కేజీలో లేమే" అంది. తను పోవడానికి వారం ముందు కూడా వెళ్ళి మెట్ల దారి చూసి వచ్చింది. చూసి వచ్చిన రోజు నాతో ఫోన్లో చాలాసేపు మాట్లాడింది. అలసట లేదు, ఆయాసం లేదు. వానలకి కొండంతా పచ్చగా ఉందని చెప్పింది. ఆ దూరపు బంధువుగారికి నా జవాబు ఇదే. కొండలు చంపేట్టయితే ఆ రోజు చంపేవి. చంపలేదు సరికదా, అన్నయ్య పోయాక ఒంటరిగా మిగిలిన మనిషికి అన్నేళ్ళు పొద్దున్నే లేవడానికి ఒక కారణం ఇచ్చాయి. చివరి క్షణందాకా తన కాళ్ళ మీద తను నిలబడి ఉంది మా వదిన. ఎవరి చేతా వీపు తుడిపించుకోలేదు.

పెద్దకర్మ అయ్యాక మేమంతా ఆవిడ వాకిట్లోనే కూర్చున్నాం. కోటప్పకొండకి అనుకున్న బుధవారం దగ్గరపడుతోంది. వెళ్ళాలా వద్దా అన్నదే అందరి మనసులో. పిన్నిగారే అడిగింది. "ఇప్పుడు మాత్రలు ఎవరు అడుగుతారమ్మా?" అందరూ నా వైపు చూశారు.

"నేనడుగుతాను" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

ఆ దూరపు బంధువుగారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారు. "బుద్ధి రాలేదా మీకు?" అన్నారు.

"వచ్చిందండీ. అందుకే వెళ్తున్నాం" అన్నాను. "మీరూ రండి. నెమ్మదిగా నడిచేవాళ్ళకి మా దగ్గర ముందు వరస." ఆయన లేచి లోపలికి వెళ్ళిపోయారు.

బుధవారం తెల్లారగానే వ్యాను దగ్గర నిలబడి అందరినీ మాత్రల గురించి అడిగాను. గద్దించడం నాకింకా చేతకాలేదు. చివర్లో మేనల్లుడు వచ్చాడు, గుండుతో, ఆఫీసు బూట్లతో. వెనకాలే ఆ బంధువుగారు. "ఒరేయ్, తల్లి పోయిన ఏడాది కొండ ఎక్కకూడదురా! తెలీదా నీకు?"

మేనల్లుడు వ్యాను మెట్టు మీద కాలు పెట్టి ఆగాడు.

"గుళ్ళోకి వెళ్ళను తాతయ్యా. నేను దేవుడి దగ్గరికి పోవడంలేదు. అమ్మ పనిలోకి పోతున్నాను."

మెట్ల మీద మొదటి మలుపు తిరిగేసరికే వాడికి ఆయాసం వచ్చేసింది. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునే మనిషి. డెబ్భై దాటినవాళ్ళంతా ఆగి, వాడు ఊపిరి తీసుకునేదాకా ఓపిగ్గా నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. "అమ్మ ఇదంతా ఎక్కేదా అత్తా?" అని అడిగాడు. జవాబు కోసం ఆగకుండా తల దించుకుని భుజంతో కళ్ళు తుడుచుకున్నాడు. పైన గుడి బయట, గాలికి ఎదురుగా ఒక్కడే కూర్చున్నాడు మేం దర్శనం చేసుకుని వచ్చేదాకా.

దిగేటప్పుడు నేను చివరన ఉన్నాను. కింద కనుచూపు మేరా పొలాలు. పత్తి పగిలి చేలన్నీ తెల్లగా ఉన్నాయి. నడుముకి గుడ్డసంచులు కట్టుకున్న ఆడవాళ్ళు చీమల్లా ఆ తెలుపులో కదులుతున్నారు. నాకు ముందు పిన్నిగారు మేనల్లుడి మోచెయ్యి పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతోంది. ఎవరు ఎవరిని పట్టుకున్నారో చెప్పడం కష్టం. "అట్టా కాదయ్యా, పాదం అడ్డంగా పెట్టు. ఆ, ఇప్పుడు రెండోది. తొందరేం లేదు" అంటోంది. వాడు ఆవిడ చెప్పినట్టే, బుద్ధిగా, పాదం అడ్డంగా పెట్టి దిగుతున్నాడు.