ఉలవల మీద నడవని కారు

పోయిన నెల మా అల్లుడు నన్ను బెంగళూరులో కార్ల ప్రదర్శనకు తీసుకుపోయాడు. అక్కడ హాలు నడుమ, చుట్టూ తాడు కట్టి, ముట్టరాదని బోర్డు పెట్టి నిలబెట్టిన బూడిదరంగు కారును చూడగానే గుర్తుపట్టాను, ఒళ్లు మండిపోయింది. పక్కన పెట్టిన అట్ట మీద రాసిందాన్నిబట్టి, అలాంటివి చేతివేళ్ల మీద లెక్కపెట్టేటన్నే తయారయ్యాయట, ఇంత వేగంగా పోయే బండిని మన దేశంలోనూ చేయగలమని లోకానికి చాటిందట. అంతా బాగానే రాశారు గానీ, దాన్ని అనంతపురం జిల్లాలో నిర్మానుష్యమైన రోడ్ల మీద పరీక్షించారని చదివి, మరి మేమెవరమని అందరి ముందే గట్టిగా అడిగేశాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, రెండువేల సంవత్సరం దాటిన ఆ కొత్తలో చిలమత్తూరు పక్క మా ఊళ్లలో ఉలవలు నూర్చుకునేది తారురోడ్డు మీదే. కోసిన ఉలవ కట్టెను, అంటే కాయలతో ఉన్న ఎండు మొక్కలను, రోడ్డు మీద పరిస్తే బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోయి కాయలు పగిలేవి. మడకశిర బస్సు డ్రైవరైతే మా కోసమని చక్రాలను దాని మీదికే తోలేవాడు, పాపం. ఆ ఏడాది వానల్లేక వేరుశెనగ ఎండిపోయింది, ఆలస్యంగా పడ్డ నాలుగు చినుకులకు చల్లుకున్న ఉలవలే మాకు మిగిలాయి. మా ఎద్దులు వేసవి గట్టెక్కాలంటే ఆ గింజలూ ఆ పొట్టే దిక్కు.

నేను అప్పుడే అంగన్‌వాడీలో పనికి కుదిరాను. ఆ రోజు సెలవు కావడంతో నాయనకు తోడుగా రోడ్డు దగ్గరే ఉన్నాను. నాయన చేటలు తెస్తానని ఇంటికి పోయాడో లేదో, జీపుల్లోంచి కారు కంపెనీ మనుషులు దిగి, ఎర్రజెండాలు పట్టుకుని వచ్చేపోయే బండ్లన్నీ ఆపేశారు. వాళ్ల కారు అడుగుభాగం నేలకు జానెడు ఎత్తు కూడా లేదు, ఎండిన కట్టె దాని కింద ఇరుక్కుంటే మంటలు లేస్తాయన్నారు. ఆ భయం నిజమే కావచ్చు. కానీ నాయన వచ్చేదాకా ఆగమని నేను బతిమాలుతుంటే, రోడ్డు సర్కారుదని కసిరి, వెంట తెచ్చిన ట్రాక్టరు ఇనుప పలక దించి పంటంతా రోడ్డు పక్కనున్న ఎర్రగరుసు మట్టిలోకి తోసేశారు. సగం నూర్చిన ఉలవలూ గరుసూ ఒకే రంగు, కలిసిపోయాక ఎవరు ఏరగలరు?

అబద్ధమెందుకు, కారు అందంగానే ఉంది. గుడ్డలాంటి దాన్ని జిగురుతో గట్టిపరిచి ఒళ్లంతా చేశామనీ, ఇంజను సీట్ల వెనక ఉంటుందనీ, దీనికోసం ఏళ్ల తరబడి నిద్రలు మానుకున్నామనీ వాళ్లలో ఒకడు, నేను గరుసులో కూర్చుని ఏరుకుంటుంటే, నాకే ముచ్చటగా చెప్పుకొచ్చాడు. వాళ్ల కష్టం కష్టమే, మాది మాత్రం చెత్త! ఆ బండి రయ్యిమని వచ్చింది, రెప్ప వేసేలోగా పోయింది.

చేటలతో తిరిగి వచ్చిన నాయన కేకలు వేయలేదు. నేరుగా వాళ్ల పెద్ద ఇంజనీరు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"రోడ్డు మాది కాదప్పా, ఒప్పుకుంటా. ఒక్క మాట అడిగింటే మేమే ఎత్తిపెట్టుకుంటా ఉంటిమి."

మాకంత టైము లేదు పెద్దాయనా అని ఆ మనిషి గడియారం చూసుకున్నాడు. ఆ చూపును నేను ఈనాటికీ క్షమించలేదు, క్షమించను కూడా.

పొద్దు వాలేదాకా ఇద్దరం చెరిగినా, దొరికినవి విత్తనానికి కూడా చాలలేదు. ఎండలు ముదరకముందే నాయన ఎద్దులను హిందూపురం సంతకు తోలుకుపోయి, ఒట్టి పగ్గాలతో ఇంటికి వచ్చాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. మళ్లీ ఎద్దులను కొనే స్తోమత మాకు రానేలేదు.

ఇప్పుడా రోడ్డును బాగా వెడల్పు చేసి, అటూ ఇటూ ఇనుప కంచె వేశారు. అవతలి చేనికి పోవాలంటే చుట్టూ తిరిగి పోవాలి. నూర్పిడికి మిషన్లు వచ్చాయి, ఉలవలు వేసేవాళ్లే కరువయ్యారు. ఎంత వేగంగా పోయే కారు వచ్చినా ఇక మమ్మల్ని అడగాల్సిన పనే లేదు. దానికి అడ్డంగా పరచడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.