తాతయ్య ముగించని సాక్ష్యం

నా చిన్నప్పుడు మా తాతయ్య మాట్లాడుతుంటే చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా పని ఆపుకొని వినేవారు. పెళ్లి మాటలకైనా, పంచాయతీకైనా, మా చర్చి సంఘంలో కూడికకైనా ఆయన్నే పిలిచేవారు. ఆ మాటల్లో ఒక్కటీ ఎవరూ రాసిపెట్టలేదు. నేను చెప్పబోయే రోజున అక్కడున్న వాళ్లలో చాలామంది ఇప్పుడు లేరు. మేము కూర్చున్న ఇల్లూ లేదు. ఆ చోట గోదాము కట్టారు, ఎప్పుడు చూసినా లారీలు నిలబడి ఉంటాయి. నేను కూడా పోతే ఆ రోజు జరిగింది జరగనట్టే అయిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నా బడి చదువు ఐదో తరగతితోనే ఆగిపోయింది. ఆ తర్వాత నేర్చుకున్నదంతా శంషాబాద్ గ్రంథాలయంలో, బల్ల ముందు కూర్చుని నాకు నేనుగా నేర్చుకున్నదే. ఉపన్యాసం ఎలా ఇవ్వాలో చెప్పే పుస్తకాలు అక్కడ ఎన్ని దొరికితే అన్నీ చదివాను. గొంతు ఎక్కడ పెంచాలో, ఎక్కడ ఆగాలో, జనం కళ్లలోకి ఎలా చూడాలో వాటిలో ఉంది. మా తాతయ్య ఆ రోజు చేసిన పని మాత్రం ఏ పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

మా పక్కింటి అన్న కంకర మిషన్ దగ్గర పనిచేసేవాడు. దగ్గి దగ్గి, చిక్కిపోయి, ఒక వానాకాలంలో పోయాడు. అతని భార్యను నేను వదినా అని పిలిచేదాన్ని. వాళ్లకు అప్పుడప్పుడే నడక నేర్చిన ఒక ఆడపిల్ల. ఆ ఇంట్లో అంతకుముందే పెద్దకొడుకు కూడా అదే దగ్గుతో పోయాడు. ఇక మిగిలింది తల్లి, చిన్నకొడుకు. ఆ తల్లిని మేమంతా పెద్దమ్మ అనేవాళ్లం.

మా క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోయిన ఇంట్లో ఆదరణ కూడిక పెడతారు. పాటలు, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరే లేచి పోయినవాళ్ల గురించి మాట్లాడతారు. దాన్ని సాక్ష్యం అంటాం. సాక్ష్యం చెబుతున్న మనిషి ‘ఆమేన్’ అని కూర్చునేదాకా మధ్యలో ఎవరూ నోరు విప్పకూడదు. అది మా సంఘంలో కట్టుబాటు.

మొదటి కూడికలో మా తాతయ్య లేచాడు. అన్న మంచితనాన్ని, తల్లి మీద అతనికున్న ప్రేమను, బరువులు మోసిన ఆ భుజాలను ఆయన చెబుతుంటే గుండె కరగనివాళ్లు లేరు. చివర్లో గొంతు తగ్గించి, “గిసుంటి కొడుకు దగ్గుతుంటె ఇంట్ల వినెటోళ్లే లేకపాయెనా?” అని ఆగాడు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. నేను కూడా ఏడ్చాను. అంత బాగా చెప్పిన మనిషి మా తాతయ్య అయినందుకు ఏడుస్తూనే గర్వపడ్డాను కూడా.

తెల్లవారేసరికి ఆ ఒక్క మాట వాడంతా తిరిగింది. భర్త దగ్గుతుంటే పక్కన పడుకునే మనిషికి వినబడలేదా అని మొదలై, వినబడినా పట్టించుకోలేదని తేలిపోయింది. పైగా అందరూ చూసింది ఒకటుంది. వదిన అప్పుడప్పుడు మధ్యాహ్నం భర్తతో బస్సెక్కి పోయి, పొద్దుగూకే వేళకు తలనిండా పూలతో తిరిగొచ్చేది. “మొగడు చావవట్టె, ఇది సినిమాలు చూడవట్టె,” అని వదిన మరిది బావి దగ్గర అందరూ వింటుండగానే అన్నాడు. వచ్చే వారం రెండో కూడిక అవగానే వదినను షాద్‌నగర్ దగ్గరున్న పుట్టింటికి పంపేయాలని, పిల్లను మాత్రం తామే ఉంచుకోవాలని ఇంట్లో నిశ్చయించారు.

ఈ సంగతి మా నాయనమ్మే తాతయ్యకు చెప్పింది. ఆయన కంచం ముందు కూర్చున్నాడు.

“మంచిగ చెప్పినవయ్యా, ఊరంత ఏడ్చింది. ఇగ గా పిల్ల జీవితమంత ఏడుస్తది,” అంది.

తాతయ్య కలిపిన ముద్ద కంచంలోనే వదిలి లేచాడు. నేరుగా పక్కింటికి పోయాడు. నేను వెనకే పోయాను. వదిన పిల్లను ఒడిలో వేసుకుని దొడ్లో కూర్చుని ఉంది. తప్పైందన్నాడు తాతయ్య. ఆమె తల ఎత్తలేదు. “నువ్వు మంచిగనే చెప్పినవ్ తాతా,” అంది. ఆ మాటకు ఆయన ముఖం ఎలా అయిందో నాకు ఇప్పటికీ కళ్లముందు ఉంది. అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. అది చూసి ఆమె నోరు విప్పింది. నన్ను ఇంటికి పొమ్మన్నారు కాబట్టి ఏం చెప్పిందో అప్పుడు నాకు తెలియదు.

ఆ వారమంతా నాయనమ్మ ఆయన వెంటపడింది. నిజం తెలిసింది కదా, నీ నోటితో నువ్వే చెప్పి ఆ నింద కడిగేయమంది. తాతయ్య ఒప్పుకోలేదు. “నేను చెప్తె మల్ల నా మాటనే మెచ్చుకుంటరు. దాని బాధ దాని నోటినుంచే రావాలె,” అన్నాడు. కానీ వదిన నలుగురిలో నోరెత్తి ఎరగదు. పైగా కోడలు లేచి మాట్లాడితే మరిది ఒక్క కసురు కసిరి కూర్చోబెడతాడు. అది అందరికీ తెలుసు. అయినా తాతయ్య మళ్లీ పోయి, చెబుతావా అని ఆమెను అడిగొచ్చాడు.

రెండో కూడిక నాడు వదిన పుట్టింటివాళ్లు వచ్చి గోడవారగా కూర్చున్నారు. ఆమె బట్టల మూట అప్పటికే గడప పక్కన ఉంది. పాటలు అయ్యాయి. తాతయ్య లేవగానే ఆడవాళ్లు కొంగులు చేతిలోకి తీసుకున్నారు. ఆయన మాత్రం రెండే మాటలు అన్నాడు. పోయినసారి తాను తెలియనిది చెప్పానని, ఇవాళ తెలిసినామె చెబుతుందని. “కోడలు నా సాక్ష్యంల మాట్లాడుతది. నేను కూసోలే, ఆమేన్ అనలే,” అంటూ వదిన వెనక్కి పోయి నిలబడ్డాడు.

వదిన లేచింది కానీ మాట రాలేదు. అందరూ ఎదురుచూశారు. తాతయ్య అందించలేదు. చివరికి, “సినిమాలకు పోలే,” అంది.

మరిది దిగ్గున లేచాడు. “ఇదేంది తాతా, ఆడిదాన్ని నిలవెట్టి...”

“నా సాక్ష్యం ఇంక కాలే, కూసో బిడ్డా,” అన్నాడు తాతయ్య. మరిది కూర్చోక తప్పలేదు. మళ్లీ ఒకసారి లేచాడు, మళ్లీ అదే మాట విని కూర్చున్నాడు. వెనక ఎవరో దగ్గినట్టు నవ్వారు కూడా.

వదిన మాటలు వరసగా రాలేదు. ముక్కలు ముక్కలుగా వచ్చాయి. “దవాఖానకు పోయినం. అన్నకొచ్చిందే నాకొచ్చింది, అమ్మకు చెప్పకు అన్నడు. ఒక కొడుకును మట్టిల పెట్టింది, తట్టుకోదు అన్నడు. నాతోని ఒట్టేయించుకున్నడు. వచ్చేటప్పుడు పూలు కొని ఆయనే నా తలల పెడుతుండె. షికారుకు పోయిండ్రు అనుకుంటది, అనుకోనీ అన్నడు. జర నయమైనంక మందులు ఇడిసిపెట్టిండు. బతిమిలాడిన. కాళ్లు పట్టుకున్న. వినలే.”

అంతే. ఇంకేమీ లేదు. తాతయ్య మాట్లాడినప్పటిలా ఎవరూ ఘొల్లుమనలేదు.

పెద్దమ్మ అడిగింది. “గా పూలు నా కొడుకు కొన్నవేనా?”

“ఔ అత్తా.”

“చూసినప్పుడల్ల నిన్ను తిట్టుకున్న.”

పెద్దమ్మ లేచి, గడప దగ్గరి మూటను తీసుకుపోయి లోపలి గదిలో పెట్టింది. క్షమించమని అడగలేదు, కౌగిలించుకోనూ లేదు. లోపల ఒక్కతే గోడకు తల ఆనించి ఏడ్చింది. కొడుకు తన కోసమే దాచాడని తెలియడం ఆమెకు అతని చావుకన్నా బరువైందని ఇప్పుడు అనుకుంటాను. ఆ తల్లి మళ్లీ మునుపటి మనిషి కాలేదు. కానీ పిల్ల తల్లి దగ్గరే పెరిగింది. చివరి రోజుల్లో పెద్దమ్మకు అన్నం తినిపించింది కూడా ఆ కోడలే.

తాతయ్య ఆమేన్ అని కూర్చున్నాడో లేదో నాకు గుర్తులేదు. ఇంటికొచ్చాక, ఇవాళ నువ్వేం చెప్పలేదేంది తాతా అని అడిగాను. “మొన్న చెప్పిందే ఎక్కువైంది బిడ్డా,” అన్నాడు. ఆ తర్వాత కూడా ఎందరి కోసమో ఆయన లేచి నిలబడ్డాడు. కానీ జనాన్ని ఏడిపించే ఆ గొంతు మళ్లీ ఎత్తలేదు.

ఇప్పుడు నన్ను కూడా అక్కడక్కడా మాట్లాడమని పిలుస్తారు. ఈమధ్య ఎయిర్‌పోర్ట్ దగ్గర క్యాబ్ నడిపే కుర్రాడు పోతే అతని ఇంటికి పిలిచారు. పోగానే ముందు అతని భార్య పక్కన కూర్చున్నాను. నా మాటల వల్ల ఈమె మీద ఏం పడుతుందో అన్న భయం నన్ను ఎప్పుడూ వదలదు. ఎవరి బాధ గురించి లేస్తానో వాళ్లను ముందు అడుగుతాను. వాళ్లే చెప్పగలిగితే నేను వెనక నిలబడతాను.

ఇది రాయడానికి సాయపడినవాళ్లకు పేర్లు లేకుండానే నమస్కరిస్తున్నాను. నాకు పుస్తకాలు వెతికి పెట్టిన గ్రంథాలయం మేడమ్‌కు, నా వంకర రాతను ఓపికగా ఫోన్‌లో ఎక్కించిన మా మనవరాలికి, తాతయ్యను కసిరిన మా నాయనమ్మకు. అందరికన్నా ఎక్కువగా పక్కింటి వదిన కూతురికి. రాయనా అని అడగడానికి పోతే, “రాయి అత్తా. కానీ మా అమ్మ మాటలు మంచిగ చెయ్యకు. ఎట్ల అన్నదో గట్లనే పెట్టు,” అంది. అలాగే పెట్టాను.